గాలి పెట్టిన సాళ్ళు

నా చిన్నప్పుడు అని నేను మొదలుపెట్టగానే మా చెల్లి నవ్వుతుంది. ఇంకా పెళ్ళి కూడా కాని మనిషి ముసలమ్మలా మాట్లాడుతోందని దాని ఫిర్యాదు. కానీ నేను దానికంటే తొమ్మిదేళ్ళు ముందు పుట్టాను కాబట్టి మా ఇంట్లో పాతకాలమంతా నా కిందికే వస్తుంది. పైగా ఈ సంగతి జరిగినప్పుడు అది ఇంకా అమ్మ కడుపులోనే ఉంది. దాని సాక్ష్యం చెల్లదు.

అప్పుడు మేం సౌదీలో, అల్ ఖోబర్‌లోని అజీజియాలో ఉండేవాళ్ళం. అమ్మానాన్నలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. నాన్న ఏసీల కంపెనీలో మెకానిక్‌గా చేరి సూపర్‌వైజర్ అయ్యాడు. అంటే ఇదివరకు తను ఎక్కిన నిచ్చెన కింద ఇప్పుడు నిలబడి, పైనున్నవాడికి జాగ్రత్తలు చెప్పేవాడు. మనుషులు తక్కువైన రోజు మళ్ళీ తనే ఎక్కేవాడు.

అమ్మకు ఏడో నెల దగ్గరపడేసరికి నాన్నకు భయం పట్టుకుంది. మార్చి నెల ఏసీల వాళ్ళకు పెళ్ళిళ్ళ సీజన్ లాంటిది. చలికాలమంతా మూగగా పడున్న ఏసీలను మొదటి ఎండ తగలగానే ఊరంతా ఒకేసారి ఆన్ చేస్తుంది. సగం పనిచేయవు. నాన్న ఫోన్ మోగుతూనే ఉంటుంది. మా చెల్లి సరిగ్గా ఆ నెలలోనే పుట్టాలని నిశ్చయించుకుంది. అమ్మ నొప్పులు పడుతుంటే తను ఎవరి డాబా మీదో కంప్రెసర్ విప్పుతూ ఉంటానన్న బెంగతో నాన్న సరిగ్గా అన్నం తినేవాడు కాదు. అమ్మమ్మను రమ్మందామంటే ఆమె మోకాళ్ళు మంచం దిగనిచ్చేవి కావు. చివరికి జగిత్యాల దగ్గర మా ఊరి నుంచి నాయనమ్మను విజిట్ వీసా మీద పిలిపించాడు.

నాయనమ్మ వచ్చింది. వచ్చిన కొద్ది రోజులకే పోతానంది.

మా నాయనమ్మ గయ్యాళి మనిషి కాదు. అమ్మను కూర్చోబెట్టి అన్నం పెట్టేది, కాళ్ళు పిసికేది. లిఫ్ట్ అంటే భయపడి మూడంతస్తులూ మెట్లెక్కేది తప్ప, ఎవరినీ ఒక మాట అనేది కాదు. ఆమె బాధ ఒక్కటే, ఇక్కడ కాలం తెలియడం లేదని. ఊళ్ళో అయితే పసుపు తవ్వకాలు సగానికొచ్చేసరికి చలి విరిగేది. మామిళ్ళు పూతకొచ్చేవి. ఊరవతల మోదుగ చెట్లు ఆకులన్నీ రాల్చేసి, ఒంటినిండా ఎర్రటి పూలతో నిలబడేవి. ఆ తర్వాత ఇప్పపూలు. ఎప్పుడు ఏ విత్తనం దించాలో, ఎప్పుడు కుండలో నీళ్ళు పోయాలో, ఎప్పుడు వాకిట్లో పడుకోవాలో ఆ చెట్లు చెప్పేవి, ఆమె చేసేది. ఇక్కడ కిటికీ తెరిస్తే ఎదుటి బిల్డింగు, దాని నెత్తిన నీళ్ళ ట్యాంకులు. పొద్దున్నే లేచి కిటికీలోంచి చూసి, నిన్నటి గోడ ఇవాళ కూడా అక్కడే ఉందని రూఢి చేసుకుని, వచ్చి కూర్చునేది. తిండి తగ్గింది. నిద్ర తగ్గింది.

ఒక రోజు నాన్నను అడిగింది. "కొడుకా, గిది ఏ కాలంరా?"

"ఫిబ్రవరి అవ్వా."

"నెల గాదురా. కాలం."

నాన్న చేతిలో ఉన్న ఏసీ రిమోట్ వంక చూశాడు, అందులో ఏమైనా రాసి ఉందేమోనని.

"చూసినవా, నీకు గూడ ఎర్కలేదు," అంది నాయనమ్మ. "కాలం తెల్వని జాగల పిల్ల పుడితె ఏమని చెప్పుకోవాలె? నాకు గుండె దడదడమంటున్నది. నన్ను పంపియ్యి బిడ్డా. ఈడ ఉంటె నీ పెండ్లానికి నేను జేసుడు గాదు, నాకే ఆమె జెయ్యవలసి వస్తది."

నాన్న ఆమెకు ఎలాగైనా వసంతాన్ని చూపించాలని కంకణం కట్టుకున్నాడు. ఒక సెలవు రోజున మమ్మల్ని కార్నిష్‌కు, అంటే సముద్రం ఒడ్డున వేసిన తోటకు తీసుకుపోయాడు. రోడ్డుకు రెండు వైపులా ఖర్జూర చెట్లు వరుసగా ఉన్నాయి. నాయనమ్మ కళ్ళకు అవి మన ఈత చెట్లే. కారులోంచి తల బయటపెట్టి వాటిని చాలాసేపు చూసి, నిట్టూర్చింది.

"గిన్ని ఈతచెట్లు! ఒక్కదానికన్న లొట్టి గట్టలేదు. ఏం దేశంరా నాయినా."

నాన్న గబగబా అద్దం ఎక్కించాడు. కల్లు సంగతి తెలిసిన పోలీసు ఎవరైనా వింటాడేమోనని ఆయన భయం.

ఆ తర్వాత రౌండబౌట్ దగ్గర ఆపి, మున్సిపాలిటీ వాళ్ళు వేసిన పూలను చూపించాడు. గులాబీ రంగు, తెలుపు, ఊదా, తివాచీ పరిచినట్టు ఉన్నాయి. వసంతం అంటే ఇదేనమ్మా అన్నట్టు చెయ్యి చాపి నిలబడ్డాడు. నాయనమ్మ వంగి మట్టిలో వేలు పెట్టి కెలికింది. నల్లటి నీళ్ళ పైపు బయటపడింది.

"నిన్న వెట్టిండ్రు, రేపు పీకుతరు. పైపు తోని బతికే పువ్వుకు కాలం ఏమెర్క?" అని చేతులు దులుపుకుంది.

నాన్న చాపిన చెయ్యి దించుకున్నాడు. ఇంటికొచ్చాక టికెట్ తేదీ ముందుకు జరపమని ఏజెంటుకు ఫోన్ చేశాడు. రెండు వారాల తర్వాతి ఆదివారానికి దొరికింది. అమ్మ "అత్తమ్మను ఎందుకు కష్టపెట్టాలె, పోనియ్యుండ్రి," అని వంటగదిలోకి పోయి చాలాసేపు గిన్నెలు కడిగింది. అవి అప్పటికే కడిగిన గిన్నెలు.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. నొప్పులంటే ఏమిటో నాకు తెలియదు. కానీ నాయనమ్మ వెళ్ళిపోయాక, నాన్న డ్యూటీలో ఉన్నప్పుడు అవి వస్తే ఆ ఇంట్లో పెద్దమనిషిని నేనే అవుతానని మాత్రం అర్థమైంది. ఆ ఉద్యోగం నాకు వద్దనిపించింది.

మా ఇంటికి శుక్రవారం శుక్రవారం భోజనానికి ఒకాయన వచ్చేవాడు. నాన్నకు ఊరి దోస్తు. నేను ఆయన్ను పికప్ కాక అనేదాన్ని, ఎప్పుడు చూసినా పికప్ బండిలోనే కనిపించేవాడు కాబట్టి. ఖతీఫ్ తోటల నుంచి ఆకుకూరలు, దోసకాయలు ఎత్తుకొచ్చి ఖోబర్ దుకాణాలకు వేయడం ఆయన పని. భార్యాపిల్లలు ఊళ్ళో ఉండేవారు. పసితనంలోనే తల్లి పోతే, పక్కింట్లో ఉన్న మా నాయనమ్మ చేతి ముద్దలు తిని పెరిగాడు. అందుకే ఆమె వచ్చినప్పటి నుంచి ఆయనకు వారంలో శుక్రవారాలు ఎక్కువైపోయాయి. మంగళవారం కూడా వచ్చేవాడు. కాక చెప్పే మాటల్లో సగం నిజముండేది. ఏ సగమో ఆయనకూ తెలిసేది కాదు.

ఆ శుక్రవారం అన్నం తింటూ టికెట్ సంగతి విన్నాడు. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"ఈడ కాలం లేదని ఎవలు జెప్పిండ్రు పెద్దమ్మా? చలి పోంగనె ఎడారి పచ్చగైతది. గడ్డి మొలుస్తది. పూలు పూస్తయ్." అని, ఇంకా బలం సరిపోలేదనిపించిందేమో, "చుక్కకూర గూడ మొలుస్తది!" అన్నాడు.

చుక్కకూరే ఎందుకు నోటికొచ్చిందంటే, అంతకు కాసేపటి ముందే అమ్మ చుక్కకూర పప్పు తినాలని ఉందని అంది. నెల రోజులుగా అంటూనే ఉంది, మా అజీజియా దుకాణాల్లో ఎక్కడా దొరకలేదు.

"ఇసుకల చుక్కకూరనా? నీ బొంద," అంది నాయనమ్మ.

"నా కండ్లతోని జూసిన పెద్దమ్మా!"

"ఇత్తనాలు ఎవలు అలికిండ్రు?"

"ఎవలు అలుకలే. గాలి."

"నీళ్ళు ఎవలు వెట్టిండ్రు?"

"మొగులు. వాన మొగులు."

నాయనమ్మ ఆయన ముఖంలోకి చూసింది. "సరే. ఎవలు అలుకని, ఎవలు నీళ్ళు వెట్టని చుక్కకూర నాకు జూపియ్. జూపిస్తె పిల్ల పుట్టి పురుడు అయ్యేదాంక ఉంట. లేకుంటె ఆదివారం నన్ను ఇమానం ఎక్కియ్యుండ్రి. మల్ల అడ్డం రావద్దు."

అమ్మ వంటగది గుమ్మంలోనే నిలబడిపోయింది. నాన్న దగ్గాడు. కాక ముఖం చూస్తే, తను నోరు జారిన సంగతి అప్పుడే తెలుసుకున్నట్టుంది. అయినా వెనక్కి తగ్గలేదు. "వచ్చే శుక్రారం," అన్నాడు. అని, కలిపిన ముద్దను మరిచిపోయి మళ్ళీ అన్నం కలుపుకున్నాడు.

పై శుక్రవారం పొద్దున కాక వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆవలింతలు ఆపుకోలేకపోతున్నాడు. ప్యాంటు మోకాళ్ళ దగ్గర ఇసుక అంటుకుని ఉంది. బండి వెనకాల ఖాళీ నీళ్ళ క్యాన్లు దొర్లుతున్నాయి. ఇవన్నీ నేను గమనించాను. ఆ వయసుకే నాకొక జబ్బు ఉండేది. క్లాసులో ఒకమ్మాయి తన మామయ్య విమానం నడుపుతాడని చెబితే, కాదు, అందులో సామాన్లు ఎక్కిస్తాడని అందరి ముందూ చెప్పింది నేనే. అది నిజం కూడా. ఆ అమ్మాయి ఏడాదంతా నా పక్కన కూర్చోలేదు.

అమ్మకు తోడుగా పక్కింటి మలయాళీ ఆంటీని ఉంచి, మేం నలుగురం బయల్దేరాం. రియాద్ రోడ్డు మీద చాలా దూరం పోయాం. ఒక చోట ఒంటెలు రోడ్డు వైపు వీపు పెట్టి నిలబడ్డాయి. ఎండ ఉంది కానీ పదునెక్కలేదు. పెద్ద రోడ్డు దిగి మట్టిబాట పట్టాక, అక్కడక్కడ నేలకు లేతగడ్డం మొలిచినట్టు పచ్చటి నూగు కనిపించింది. చలికాలంలో కురిసిన వానల గుర్తు అది. అంతవరకు ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్న నాయనమ్మ, కిటికీ వైపు కాస్త జరిగింది.

గులకరాళ్ళ దిబ్బల నడుమ ఒక పల్లం దగ్గర కాక బండి ఆపాడు. దిగి, నాలుగడుగులు వేసి, చెయ్యి చాపి, "అగో పెద్దమ్మా! జూడు!" అని కేకేశాడు.

చూశాం. చుక్కకూర ఉంది. నిజమే. సాళ్ళలో ఉంది.

తాడు పట్టి గీసినంత తిన్నగా నాలుగు సాళ్ళు. మొక్కకూ మొక్కకూ మధ్య జానెడు ఎడం. ఒక సాలులోని మొక్కకు ఎదురుగా పక్క సాలులో మొక్క రాకుండా, గాలీ వెలుతురూ తగిలేలా సందు చూసి మరీ నాటారు. మొదళ్ళ దగ్గర ఇసుక తడితో నల్లబడి ఉంది. ఆకులు మాత్రం వాడి, తెల్లవారుజామున కంపెనీ బస్సు కోసం వరుసలో నిలబడ్డ కూలీల్లా తలలు వేలాడేసుకుని నిద్రమొహాలతో ఉన్నాయి. చివరి మొక్క మెడకు ఎర్ర రబ్బరు బ్యాండు ఇంకా అలాగే ఉంది.

ఎడారిని మోసం చేయడానికి వచ్చిన మనిషి మొక్కల్ని అటొకటి ఇటొకటి పొడవాలి. ఆ మాత్రం తెలివి కాకకు ఉంది. కానీ ఆయన చేతులు ఆయన మాట వినలేదు. తరతరాలుగా సాలు తప్పితే తిట్లు తిన్న చేతులవి. చీకట్లో, ఒంటరిగా, అబద్ధం కోసం నాటినా సరే, తిన్నగానే నాటాయి.

నాన్న ఆకాశంలోకి చూడటం మొదలుపెట్టాడు. అక్కడ ఏమీ లేదు. అయినా చాలాసేపు చూశాడు.

నేను నోరు తెరిచాను. "కాకా, మరి ఈ రబ్బ..."

మోచేతి పైన ఎవరో నిప్పు అంటించినట్టయింది. నాయనమ్మ గిల్లింది. నా వైపు చూడకుండానే, ముఖంలో ఏ మార్పూ లేకుండానే గిల్లింది. నేను నోరు మూసుకున్నాను.

ఆమె మెల్లగా ఆ సాళ్ళ చుట్టూ తిరిగింది. గొంతుక్కూర్చుని ఒక మొక్క మొదట్లో మట్టిని తట్టింది.

"ఎవలు అలికిండ్రన్నవ్ కొడుకా?"

"గాలి... పెద్దమ్మా."

"సాళ్ళు మంచిగ వెట్టింది గాలి."

కాక తన చెప్పుల వంక చూసుకున్నాడు.

"అచ్చం మనూరి గాలి లెక్కనె వెట్టింది," అంది నాయనమ్మ. ఇంకో మొక్కను సరిచేసి, వేళ్ళకంటిన తడిని చూసుకుంది. "మొగులు గూడ పొద్దుగాల్నె వచ్చి పోయినట్టున్నది. ఇంక తడి ఆరలే."

అప్పుడు తలెత్తి ఆయన్ను చూసింది. ముందు ముఖం చూసింది, తర్వాత మోకాళ్ళు చూసింది. గోళ్ళలో ఇరుక్కున్న మట్టిని చూసింది. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచింది.

"ఉంట తియ్యి. జూపిస్త అన్నవ్, జూపించినవ్. పురుడు అయ్యేదాంక యాడికి వోను."

కాక రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. కళ్ళలో ఇసుక పడిందన్నాడు. ఆ రోజు ఆకు కూడా కదలడం లేదు. ఉన్న గాలంతా పొద్దున్నే నాట్లు వేసి అలసిపోయినట్టుంది. ఈ మాట నాకు అప్పుడే తోచింది. మోచెయ్యి ఇంకా మండుతోంది కాబట్టి పైకి అనలేదు. నాయనమ్మ మళ్ళీ వంగి, చెప్పు సర్దుకుంటున్నట్టు నటిస్తూ, ఆ రబ్బరు బ్యాండును తీసి రొంటిన దోపుకుంది.

నాన్న వెంట తెచ్చిన స్టవ్ వెలిగించి చాయ్ పెట్టాడు. ఇద్దరు స్నేహితులూ హఠాత్తుగా చాలా గట్టిగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. అపాయం తప్పిన మగవాళ్ళు అలాగే మాట్లాడతారు. నాయనమ్మ నన్ను పిలిచింది. "బిడ్డా, నాతోని రా. దిబ్బ అవతలికి పోయొద్దాం." ఎందుకో చెప్పనక్కర్లేదు. ఎడారిలో ముసలివాళ్ళకు కావలసిన చాటు, పిల్లలు కాయవలసిన కాపలా ఒకటుంటుంది.

దిబ్బ దాటి అవతలికి దిగాం. దిగి ఇద్దరం ఆగిపోయాం.

వాగులా పారిన ఒక సన్నటి పల్లం, దాని పొడవునా రాళ్ళ సందుల్లో లేత గులాబీ రంగు. దగ్గరికి పోయి చూస్తే కాగితపు బుడగల్లాంటి పల్చటి కాయలు, ఎరుపు గీతలతో. వాటి కింద పొట్టిగా, మందంగా, నీళ్ళు నింపుకున్నట్టున్న పచ్చటి ఆకులు. ఒక మొక్క ఇక్కడ, మూడు అక్కడ, తర్వాత ఏమీ లేదు, ఆ తర్వాత ఒక గుంపు. ఎవరి చెయ్యీ పడని అడ్డదిడ్డం అది.

నాయనమ్మ వచ్చిన పని మరిచిపోయింది. తర్వాత గుర్తొచ్చిందనుకోండి. ముందైతే రాళ్ళ మీదే కూలబడి, ఒక ఆకు తుంచి, నలిపి, నాలుక మీద పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. ఇంకో ఆకు నా నోట్లో పెట్టింది. పళ్ళు జివ్వుమన్నాయి.

"చుక్కకూర," అంది, చాలా చిన్న గొంతుతో. "మన చుక్కకూరనేనే పిల్లా. ఈడ అడివిల మొలిచింది."

కాయల్ని చేత్తో నిమిరింది. "చూసినవా, గింజకొచ్చింది. చలి పోయిందని, ఎండ దగ్గరికొచ్చిందని దీనికెర్క. ఎండకు మాడకముందె గింజ రాల్చుకోవాలని తొందర వడుతున్నది. ఇగ కొద్ది దినాలైతె ఎండలు ముదురుతయ్." పక్కనే ఒక చిన్న ఈగలాంటి పురుగు కాయ మీద వాలి లేచింది. నాయనమ్మ ముఖం ఊళ్ళో ఉన్నప్పటి ముఖంలా అయింది. నెల రోజులుగా ఆగిపోయిన గడియారం ఏదో ఆమె లోపల మళ్ళీ నడిచినట్టు కనిపించింది.

నేను లేచి పరుగు తీయబోయాను. నా చేతికి అంతకంటే పెద్ద వార్త ఎప్పుడూ దొరకలేదు. కాక చెప్పిన అబద్ధం నిజమైంది, పైగా దిబ్బకు అవతలే, ఆయన నాట్లు వేసిన చోటికి కూతవేటు దూరంలో! చీకట్లో వచ్చాడు, ఇసుక మెత్తగా ఉన్న పల్లం వెతుక్కున్నాడు, మొక్కలు పొడిచి పోయాడు. ఇంకో నలభై అడుగులు నడిచి ఉంటే ఆ కష్టమే ఉండేది కాదు. ఇది చెబితే ఆయన ముఖం ఎలా ఉంటుందో చూడాలని నాకు ప్రాణం కొట్టుకుపోయింది.

"కూసో," అంది నాయనమ్మ.

"కాకకు చెప్తా. నిజంగనె ఉందని చెప్తా."

"చెప్తె ఏమైతది?"

"ఏమైతదంటే... అది అసలుది కాదు గదా. ఇది అసలుది."

"అదే మల్ల. ఇది అసలుదని తెలిసిననాడు వాడు వెట్టింది దొంగదైతది. వాడు నిద్ర గాచి, ఇంత దూరం వచ్చి, మోకాళ్ళ మీద వంగి నాటిందంత ఏడికి పాయె? నవ్వులపాలాయె."

నేను ఆలోచించాను. నా వాదన ఇంకా అయిపోలేదు. "కానీ నువ్వు ఉండేది ఇది చూసినందుకే గదా, నాయినమ్మా?"

ఆమె నా నెత్తి మీద చెయ్యి వేసింది. "ఉంటనని ఆడనె జెప్పిన గదనె," అంది. "దీన్ని జూడకముందె జెప్పిన."

తర్వాత కొంగు పట్టి, ఒక్కో మొక్క నుంచి కొద్దికొద్దిగా లేత ఆకులు మాత్రం తుంచింది. కాయల జోలికి పోలేదు. మొక్కను పీకబోతే నా చేతి మీద ఒకటేసి, గింజ రాలనియ్యమంది. ఇప్పుడైతే అక్కడ అడవి మొక్కల్ని పీకితే జరిమానా వేస్తారు. నాటితే ఏం చేస్తారో తెలియదు. కాక తప్ప ఎవరూ ఆ నేరం చేసి ఉండరు.

తిరిగొచ్చేసరికి కాక తన సాళ్ళన్నీ పీకి, మట్టి దులిపి, కట్టలు కట్టేశాడు. నాయనమ్మ తన కొంగులోని ఆకుల్ని వాటిలో కలిపేసింది. "ఈ పక్కన గూడ నాలుగు మొలకలున్నయ్, తెంపుకొచ్చిన," అంది. కాక మరీ ఆశ్చర్యపోకుండా, "ఆఁ, గాలి అటు గూడ వోయినట్టుంది," అన్నాడు. తను నాటని చోట కూడా తన మాట నిజమైందని ఆయనకు అనుమానం రాలేదు.

ఇంట్లో అమ్మ ఆ ఆకుకూరను పళ్ళెంలో పోసుకుని చాలాసేపు చూసింది. కొన్నింటి వేళ్ళకు ఖతీఫ్ తోటల నల్లమట్టి అంటుకుని ఉంది. కొన్నింటికి అసలు వేళ్ళే లేవు, ఆకులు పొట్టిగా మందంగా ఉన్నాయి.

"గిది రెండు రకాలుగ ఉన్నదేంది అత్తమ్మా?"

"ఒకటి నిన్నటి గాలిది, ఒకటి మొన్నటి గాలిది," అంది నాయనమ్మ.

అమ్మ కాక వైపు చూసింది. కాక టీవీ చూస్తున్నాడు. టీవీ ఆఫ్ చేసి ఉంది. "తోటల నుంచి తెచ్చేటోడు సక్కగ నాకే తెచ్చియ్యొచ్చు గదా," అనే మాట అమ్మ పెదాల చివరిదాకా వచ్చింది. నాకు కనిపించింది. అది అక్కడే ఆగిపోయి, పప్పు పొయ్యి మీద పెట్టడంగా మారింది. ఆ పప్పు అమ్మ రెండుసార్లు వడ్డించుకుంది. అలా ఆ రోజు మా ఇంట్లో ఒక మోసం జరిగింది. మోసపోయింది మాత్రం చేసినవాడొక్కడే.

నాయనమ్మ ఆ రోజు నుంచి కిటికీ గోడను పలకరించడం మానేసింది. కడుపునిండా తిని పడుకునేది. ఒక పొద్దున లేచి, "ఇయ్యాల్టి నుంచి ఎండలు," అని ప్రకటించింది. ఆ మధ్యాహ్నమే నాన్న ఫోన్ ఆగకుండా మోగడం మొదలైంది. ఆ వారంలోనే అమ్మకు నొప్పులొచ్చాయి. నాన్న అచ్చం భయపడినట్టే ఎవరి డాబా మీదో ఉన్నాడు. నాయనమ్మ ఏ మాత్రం కంగారుపడకుండా అమ్మ చెయ్యి పట్టుకుని, మొదటిసారి లిఫ్ట్ ఎక్కి కిందికి దిగింది. కాక వచ్చి ఆసుపత్రికి చేర్చాడు. కూరగాయలు దించే సమయం లేకపోయింది కాబట్టి, మా చెల్లి ఈ లోకంలో మొదట పీల్చింది కొత్తిమీర వాసనేనని నాకు గట్టి అనుమానం.

పిల్ల ఎప్పుడు పుట్టిందని ఎవరడిగినా నాయనమ్మ తేదీ చెప్పదు. "చుక్కకూర గింజకొచ్చినంక, ఎండలు ముదురుతున్నప్పుడు," అంటుంది. ఊళ్ళోవాళ్ళకు అది సరిగ్గా అర్థమవుతుంది. బర్త్ సర్టిఫికెట్ ఇచ్చే ఆఫీసులో మాత్రం ఒప్పుకోలేదు.

కాక ఇప్పుడు ఊళ్ళో పసుపు వేసుకుంటున్నాడు. పసుపు ధర తప్ప ఆయన ఇంకేమీ చదవడు, ఆ ధైర్యంతోనే ఇదంతా రాస్తున్నాను. ఇన్నేళ్ళయినా ఏ శుభకార్యంలో కలిసినా పెద్దమ్మను తను ఎలా బోల్తా కొట్టించాడో పదిమందిని పోగేసి చెబుతాడు. సాళ్ళ సంగతి మాత్రం చెప్పడు. నాయనమ్మ ఆ గుంపులోనే కూర్చుని, చెవులు సరిగా వినపడకపోయినా కథ ఎక్కడికొచ్చిందో పసిగట్టి, సరిగ్గా సమయానికి, "అవ్ కొడుకా, మంచిగ నమ్మించినవ్," అంటుంది. అప్పుడు అందరూ నా వైపు చూస్తారు. ఎవరి గొప్పలోనైనా తూటు ఎక్కడుందో వెతికేది నేనేనని బంధువుల్లో నాకు పేరుంది. మిగతావాళ్ళ గొప్పల విషయంలో ఆ పేరు ఇప్పటికీ నిలబెట్టుకుంటున్నాను. కాక కథ దగ్గర మాత్రం తల ఊపుతాను.

పోయిన నెల జెద్దాలో నా ఉద్యోగానికి సెలవు పెట్టి ఖోబర్‌కు వెళ్ళాను. అమ్మానాన్నలు బయటికెళ్ళారు. చెల్లి తలుపు తీసింది. చీర కొంగులా తువ్వాలును నడుముకు చుట్టుకుని, ముక్కు మీద పిండి రాసుకుని ఉంది. తనే స్వయంగా బిర్యానీ వండానంది. బిర్యానీకి పిండి ఎందుకో నాకు తెలియదు. చేతులు కడుక్కుందామని వంటగదిలోకి వెళ్తే, చెత్తబుట్టలో కింది సందు హోటల్ డబ్బాలు అడుగున దాచి, పైన ఉల్లిపాయ పొట్టు పరిచి ఉంది. ఆ పొట్టు కోసమే రెండు ఉల్లిపాయలు తరిగి పక్కన పెట్టినట్టుంది. దాని కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

వచ్చి కూర్చున్నాను. అది నా ఎదురుగా కూర్చుని నా నోటివైపే చూస్తోంది.

"ఎన్ని గంటలు పట్టిందే?" అన్నాను.

"పొద్దున్నించి చేస్తూనే ఉన్నా అక్కా."

"తెలుస్తోంది," అన్నాను. "ఇంకొంచెం పెట్టు."